మా చింటూ కడుపుకి ఇసబ్‌గోల్ పొట్టు: నా అనుభవం

మా కుక్క చింటూకి పైకి చూస్తే ఏ జబ్బూ లేదు. ఆరేళ్లవాడు, 20 కిలోల దాకా ఉంటాడు. తిండికీ లోటు లేదు, ఆటకీ లోటు లేదు. బాధంతా కడుపుతోనే. రెండు మూడు వారాలు శుభ్రంగా ఉంటాడు, ఉన్నట్టుండి ఒక రోజు మొదలవుతుంది. రోజుకి రెండుసార్లు బయటికి వెళ్లేవాడు గంటకోసారి తలుపు దగ్గర నిలబడి నా వైపు చూస్తాడు. తీసుకెళ్తే పరుగున వెళ్లి వంగుతాడు, ముక్కుతాడు, వచ్చేది మాత్రం చెంచాడు. మొదట కొంచెం రూపం ఉంటుంది, తర్వాత పల్చన, చివర్లో ఉత్త జిగట. అప్పుడప్పుడు ఆ జిగటలో ఎర్రటి చార. పని అయిపోయాక కూడా నడుం లేవదు. లోపల ఇంకా ఏదో మిగిలినట్టు, వంగినవాడు వంగినట్టే నాలుగడుగులు వేస్తాడు. పెద్దవాళ్లు జిగట విరేచనాలు అంటారే, అదే ఇది. మనిషైతే తలుపేసుకుని పడే అవస్థ, వీడు నలుగురి ముందూ పడతాడు.

మొదలైన ప్రతిసారీ మందులు వాడేవాళ్లం. రెండు రోజుల్లో తగ్గేది, నెల తిరక్కముందే మళ్లీ వచ్చేది. యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు పడుతుంటే నాకు టెన్షన్ పట్టుకుంది. ఇలాంటి విరేచనాలకి తరచుగా రాసే మెట్రోనిడజోల్ అనే మందు ఆరోగ్యంగా ఉన్న కుక్కల పేగుల్లోని మంచి బ్యాక్టీరియాని కూడా దెబ్బతీస్తుందనీ, మందు ఆపాక వారాల తరబడి ఆ తేడా మిగిలే ఉంటుందనీ 2020లో వచ్చిన పరిశోధనల్లో తేలింది. అవసరమైనప్పుడు వాడొద్దని దాని అర్థం కాదు. కానీ నెలకోసారి వాడాల్సి వస్తోందంటే అసలు కారణం ఇంకెక్కడో ఉన్నట్టే కదా. అందుకే వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లాం.

ఈ డాక్టర్ గారు చింటూని బల్ల మీదికి ఎక్కించకముందే నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు మొదలుపెట్టారు. "ఒక్కోసారి ఎంత వస్తుందమ్మా? ఎన్నిసార్లు వెళ్తాడు? ముక్కుతాడా? జిగట ఉంటుందా? నెత్తురు ఎర్రగా పడుతుందా, నల్లగానా? బరువు తగ్గాడా? వాంతులున్నాయా?" నేను ఫోన్‌లో తీసిపెట్టుకున్న ఫోటోలు చూపించాను. ఇలాంటి ఫోటోలు దాచుకునేది కుక్కల్ని పెంచేవాళ్లూ, చంటిపిల్లల తల్లులూ మాత్రమేననుకుంటా. ఆవిడ ఒక్కొక్కటీ పెద్దది చేసి మరీ చూశారు.

ఆ ప్రశ్నలన్నీ ఎందుకో తర్వాత చెప్పారు. చిన్నపేగులో తేడా ఉంటే మలం ఒక్కోసారి ఎక్కువ మొత్తంలో వస్తుంది, వెళ్లే సార్లు మరీ పెరగవు, తిన్నది ఒంటికి పట్టక కుక్క బరువు తగ్గుతుంది. అక్కడ రక్తం కారితే దారిలో అరిగిపోయి నల్లగా బయటికొస్తుంది. పెద్దపేగులో తేడా అయితే కొంచెం కొంచెంగా, చాలాసార్లు వస్తుంది. ఆపుకోలేని తొందర, ముక్కడం, జిగట, తాజా ఎర్ర రక్తం, ఇవన్నీ దాని గుర్తులు. తిండి ఒంటికి పట్టేది అంతకంటే ముందే, చిన్నపేగులో కాబట్టి బరువు పెద్దగా తగ్గదు. మా వాడిది అచ్చంగా రెండో రకం. ఇది తేల్చుకోకుండా పొట్టు తెచ్చి పెట్టేస్తే పనికిరాదు, ఎందుకంటే ఇసబ్‌గోల్ బాగా పనిచేసేది పెద్దపేగు బాధలకే. మందుల షాపులో ఎవరైనా కొనుక్కోవచ్చు కానీ ఏ పేగు బాధో షాపువాళ్లు చెప్పలేరు.

అయితే ఆ రోజు పొట్టు ఊసే రాలేదు. ముందు పురుగుల సంగతి చూడాలన్నారు. కుక్కల పెద్దపేగులో, దాని మొదట్లో ఉండే సీకమ్ అనే సంచిలో విప్‌వార్మ్ అనే పురుగు తిష్ఠ వేస్తుంది. సన్నటి తలభాగాన్ని పేగు పొరలోకి గుచ్చుకుని ఉంటుంది. లక్షణాలు సరిగ్గా మా వాడివే. దీనితో వచ్చిన చిక్కేమిటంటే, ఇది గుడ్లు రోజూ పెట్టదు. కొన్ని రోజులు పెడుతుంది, కొన్ని రోజులు మానేస్తుంది. కుక్క లోపలికి చేరాక గుడ్లు పెట్టే వయసుకి రావడానికే దాదాపు మూడు నెలలు పడుతుంది. అందుకని మల పరీక్షలో ఏమీ కనబడలేదన్నంత మాత్రాన పురుగు లేదని చెప్పలేం. వేర్వేరు రోజుల్లో పట్టిన మలం ల్యాబ్‌కి ఇచ్చాం, పేగుల్లో చేరి విరేచనాలు తెప్పించే జియార్డియా అనే సూక్ష్మజీవి ఉందేమోనని కూడా పరీక్ష చేయించాం. అన్నీ నెగెటివ్. అయినా సరే ఆవిడ ఫెన్‌బెండజోల్ అనే పురుగుల మందు రాశారు. వరసగా మూడు రోజులు, మూడు వారాల తర్వాత మళ్లీ, మూడు నెలలకి మళ్లీ. మా ఆయన గొణిగారు: "లేని పురుగుకి మందేంటండీ?" డాక్టర్ గారు నవ్వి, "ఉందో లేదో చూడ్డానికి పేగులోకి కెమెరా పంపడం కంటే ఇది తేలిక కదండీ" అన్నారు. నాకూ సబబుగానే అనిపించింది. ఈ పురుగు గుడ్లు మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి కాబట్టి, అప్పటినుంచి చింటూ వెళ్లిన చోట ఒక్క నిమిషం కూడా వదలకుండా ఎత్తి పారేయడం అలవాటైంది.

పురుగు మందుతో తేడా రాలేదు. రక్త పరీక్ష బాగానే ఉంది. ఆ తర్వాత వంతు తిండిది. సులువుగా అరిగే, కొవ్వు తక్కువుండే తిండికి వారం రోజుల మీద మెల్లగా మార్చాం. పాతది మూడొంతులు, కొత్తది ఒక వంతు అని మొదలుపెట్టి, చివరికి మొత్తం కొత్తది. చిరుతిళ్లు బంద్. అన్నిటికంటే కష్టం అదే. చింటూ కళ్లలోకి చూస్తూ చేతిలోది వాడికి పెట్టకుండా తినడం మా అమ్మ వల్ల కాదు. ఆవిడ తినే చోటు మార్చుకోవాల్సి వచ్చింది.

తిండి మార్చాక కొంత మెరుగైంది. వచ్చే సారికీ సారికీ మధ్య ఎడం పెరిగింది, నెత్తురు మళ్లీ కనబడలేదు. కానీ జిగట పూర్తిగా పోలేదు, తొందరా పోలేదు. అప్పుడు అన్నారు డాక్టర్ గారు, "ఇక ఇసబ్‌గోల్ కలిపి చూద్దాం."

నేను మరేదో పెద్ద మందు చెప్తారనుకుంటూ వెళ్లాను. మా ఆయన మొహం చూడాలి. "అది మలబద్ధకానికి కదండీ వాడతారు? వీడికి విరేచనాలాయె!" ఈ అనుమానం చాలామందికి వస్తుంది. ఇసబ్‌గోల్ అంటే ప్లాంటాగో ఒవాటా అనే చిన్న మొక్క గింజల మీది పొట్టు. అందులో ఎక్కువ భాగం నీళ్లలో కరిగే పీచు. తన బరువుకి ఎన్నో రెట్లు నీళ్లు పీల్చుకుని జిగురుగా ఉబ్బుతుంది. పేగులో గట్టిగా ఎండిపోయిన మలం ఉంటే ఆ నీళ్లని లోపల పట్టి ఉంచి మెత్తబరుస్తుంది. పల్చగా నీళ్లలా ఉంటే ఆ మిగులు నీళ్లని పీల్చుకుని రూపం ఇస్తుంది. పైగా పేగులోని బ్యాక్టీరియా ఈ పీచులో కొంత భాగాన్ని పులియబెట్టి చిన్న కొవ్వు ఆమ్లాలు తయారుచేస్తుంది. వాటిలో బ్యూటిరేట్ అనేది పెద్దపేగు గోడ కణాలకి ఆహారం. ఇసబ్‌గోల్ మిగతా కరిగే పీచుల కంటే తక్కువగా, నిదానంగా పులుస్తుంది. గ్యాస్ గోల కూడా ఆ మేరకు తక్కువ. ఇదంతా విన్నాక మా ఆయన, "అయితే వీడి కడుపులో రిఫరీ అన్నమాట" అన్నారు. ఆ మాట ఇంట్లో స్థిరపడిపోయింది. "రిఫరీ నానబెట్టావా?" అని ఇప్పటికీ అడుగుతారు.

కొనేటప్పుడు డాక్టర్ గారు రెండు విషయాలు గట్టిగా చెప్పారు. ఒకటి, పదార్థాల వరసలో ఇసబ్‌గోల్ పొట్టు తప్ప ఇంకేమీ ఉండకూడదు. మనుషుల కోసం అమ్మేవాటిలో రుచి కోసం, తీపి కోసం ఏవేవో కలుపుతారు. షుగర్-ఫ్రీ అని రాసినవాటిలో జైలిటాల్ ఉండొచ్చు. మనకేమీ చేయని ఆ తీపి కుక్కకి విషం. ఒక్కసారిగా ఇన్సులిన్ ఎగజిమ్మి, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది, కాలేయం కూడా దెబ్బతినొచ్చు. రెండోది సునాముఖి. మలబద్ధకం కోసం అమ్మే కొన్ని పొడుల్లో ఇసబ్‌గోల్‌తోపాటు సునాముఖి ఆకు కూడా ఉంటుంది, లేబుల్ మీద సెన్నా అని రాస్తారు. అది పేగుని పరుగులు పెట్టించే విరేచనకారి. విరేచనాలున్న కుక్కకి అది పెడితే అంతే సంగతులు. షాపులో నిలబడి డబ్బాలన్నీ తిప్పి తిప్పి చదివాను. ముందు వైపు పెద్ద అక్షరాల్లో సహజం, మూలిక అని ఉన్న ఒక డబ్బా వెనక చూస్తే ఆరెంజ్ ఫ్లేవరూ, రంగూ, తీపీ అన్నీ ఉన్నాయి. చివరికి ఏ హంగూ లేని తెల్లటి పొట్టు పాకెట్ తెచ్చుకున్నాను.

ఇక పెట్టే పద్ధతి. పొడిగా పెట్టకూడదు, ఈ సంగతిలో రాజీ లేదు. పొడి పొట్టు గొంతులో తడి తగలగానే ఉబ్బి అడ్డం పడొచ్చు. తక్కువ నీళ్లతో లోపలికి వెళ్తే పేగులో ముద్దకట్టొచ్చు. అందుకని తిండికి పది నిమిషాల ముందు నానబెడతాను. చిన్న చెంచాడు పొట్టుకి అరకప్పు గోరువెచ్చటి నీళ్లు. పొయ్యగానే పొట్టు పైన తేలుతుంది, పలచటి గోధుమరంగు రేకులు ఒకదానికొకటి అంటుకుని తెట్టు కడతాయి. వెంటనే తిప్పాలి. ఒక్క నిమిషం ఆలస్యమైతే ఉండలు కడుతుంది, ఆ ఉండ పగలగొడితే లోపల పొడిపొడిగా ఉంటుంది. అది కుక్క నోట్లోకి వెళ్లకూడదు. మూడు నాలుగు నిమిషాలకి నీళ్లు చిక్కబడతాయి, పదో నిమిషానికి చెంచా నిలబెడితే మెల్లగా ఒరుగుతుంది. గిన్నె వంచితే మొత్తం ఒక్క ముద్దలా జారుతుంది, పోస్టర్లు అంటించే బంకలాగా. వాసన దాదాపు ఉండదు, కొంచెం గడ్డి వాసన అంతే.

చింటూ మొదటి రోజు గిన్నె చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. తిండి మీద ఆ జిగురు పోసి వదిలేస్తే, జిగురు తగలని పలుకులు ఏరుకుని తిని, మిగిలింది మా మొహాన వదిలి వెళ్లిపోయాడు. మర్నాడు తిండిని నీళ్లతో తడిపి మెత్తగా చేసి, జిగురు అందులో బాగా కలియబెట్టి పెట్టాను. ఇక ఏరుకునే వీలు లేదు. కాసేపు నన్నూ, కాసేపు గిన్నెనీ చూసి నాకేశాడు. ఆ తర్వాత ఎప్పుడూ పేచీ పెట్టలేదు. కొన్నాళ్లకి నానబెట్టే గిన్నె చప్పుడు వినబడితే చాలు, పరుగెత్తుకొచ్చేవాడు. తన పక్కన నీళ్ల గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండేలా చూసుకున్నాం, ఎందుకంటే ఈ పొట్టు పనంతా నీళ్ల మీదే నడుస్తుంది.

డోసు విషయంలో డాక్టర్ గారు ఒక అంకె చెప్పి పంపెయ్యలేదు. అర చెంచాతో మొదలుపెట్టి, నాలుగైదు రోజులకోసారి అర చెంచా పెంచుతూ, మలం చూసుకుంటూ వెళ్లమన్నారు. చెంచా అంటే ఇక్కడ టీ చెంచా. చూసుకోవడానికి 1 నుంచి 7 వరకు అంకెలున్న బొమ్మల చార్టు ఇచ్చారు. 1 అంటే రాళ్లలా విడివిడిగా, గట్టిగా. 7 అంటే ఉత్త నీళ్లు. 2 మంచిది. గట్టిగా ఉండాలి కానీ రాయిలా ఉండకూడదు, ఎత్తితే విరిగిపోకుండా రావాలి, నేల మీద మరక మిగలకూడదు. నేను చిన్న పుస్తకంలో రోజూ అంకె, ఎన్నిసార్లు వెళ్లాడు, జిగట ఉందా, అప్పటి డోసు ఎంత అని రాశాను. ఇది మర్యాదగల వ్యాసంగం కాదు. కానీ ఆ పుస్తకమే లేకపోతే మంచిరోజు వచ్చినప్పుడల్లా "తగ్గిపోయింది" అనీ, చెడ్డరోజు వచ్చినప్పుడల్లా "ఇది పనిచెయ్యదు" అనీ ఇంట్లో వాదించుకునేవాళ్లం.

మొదటి వారంలో మార్పేమీ లేదు, గ్యాస్ తప్ప. రాత్రిళ్లు కిటికీలు తెరుచుకుని పడుకున్నాం. పీచు అలవాటు లేని పేగుకి కొత్తగా పీచు దొరికితే మొదట్లో ఇది మామూలేనట. నిదానంగా పెంచమనేది కూడా అందుకే. డోసు పూటకి ఒక చెంచా దాటాక అంకెలు కదలడం మొదలయ్యాయి. 5లు 4లయ్యాయి. జిగట తగ్గింది. వెళ్లే సార్లు తగ్గాయి. పూటకి చెంచాన్నర దగ్గర 3, ఒక్కోసారి 2. అప్పుడు మా ఆయనకి హుషారొచ్చింది, "ఇంకొంచెం వేస్తే రోజూ రెండే కదా?" డాక్టర్ గారిని అడిగితే కావాలంటే రెండు చెంచాలు వేసి చూడమన్నారు. చూశాం. మలం పరిమాణం పెరిగిపోయింది, మళ్లీ మెత్తబడింది, రోజుకి ఇంకోసారి ఎక్కువ వెళ్లసాగాడు. పీచు ఎక్కువైతే అది కూడా లోపల నీళ్లని పట్టుకుని ఉబ్బుతుంది. మళ్లీ చెంచాన్నరకి దిగాం. మా వాడికి సరిపడింది అది. అదే బరువున్న ఇంకో కుక్కకి ఇందులో సగమే సరిపోవచ్చు, రెట్టింపూ పట్టొచ్చు. అందుకే ఎవరైనా "ఎంత వెయ్యాలి?" అని అడిగితే నా అంకె చెప్పడానికి నేను వెనకాడతాను.

అనుకోకుండా కలిసొచ్చింది ఇంకొకటి ఉంది. చింటూ అప్పుడప్పుడు పిర్రలు నేలకి రాసుకుంటూ ఈడ్చుకునేవాడు. మలద్వారం పక్కన రెండు చిన్న గ్రంథులుంటాయి. మలం గట్టిగా, నిండుగా వెళ్లేటప్పుడు ఆ ఒత్తిడికి అవి వాటంతటవే ఖాళీ అవుతాయి. ఎప్పుడూ పల్చగా వెళ్తే ఆ ఒత్తిడి పడదు, నిండిపోయి దురద పెడతాయి. మలం కుదురుకున్నాక ఆ ఈడ్చుకోవడం దాదాపు మానేశాడు. మా కార్పెట్ తరఫున కూడా డాక్టర్ గారికి కృతజ్ఞతలు.

ఇక నాకు మిగిలిన ప్రశ్న ఒకటే. ఇందులో పొట్టు వాటా ఎంత, తిండి వాటా ఎంత? కుక్కల పెద్దపేగు విరేచనాల మీద 2000లో ఒక వెటర్నరీ జర్నల్‌లో 37 కేసుల సమీక్ష వచ్చింది. ఏ కారణమూ దొరకని దీర్ఘకాలపు విరేచనాలున్న ఆ కుక్కలకి సులువుగా అరిగే తిండీ, ఇసబ్‌గోల్ పీచూ రెండూ కలిపి పెట్టారు. చాలావాటికి మంచి గుణం కనిపించింది. ఆశగా ఉంది కానీ, అది పాత కేసుల రికార్డులు తిరగేసి రాసింది. పక్కన పొట్టు లేకుండా తిండి మాత్రమే పెట్టిన గుంపు లేదు. రెండూ కలిపే పెట్టారు కాబట్టి ఏది ఎంత చేసిందో అందులోంచి విడదీయలేం. మా ఇంట్లో ముందు తిండి, బాగా ఎడమిచ్చి తర్వాత పొట్టు అని విడివిడిగా జరిగింది కాబట్టి కొంత నయం. అయినా ఈ జబ్బు గుణమే రావడం, పోవడం. పొట్టు మొదలుపెట్టినప్పుడే దానంతటదే తగ్గే వంతు వచ్చిందేమో?

ఈ మాట డాక్టర్ గారితో అంటే, "అయితే ఆపి చూద్దాం" అన్నారు. నాకు గుండెల్లో రాయి పడింది. బాగున్నదాన్ని చేతులారా చెడగొట్టుకోవడమా? "మెల్లగా తగ్గించండి. తిండి మాత్రం మార్చకండి. పుస్తకం రాస్తూ ఉండండి" అన్నారు. తగ్గించాం. ఒక చెంచా దాకా ఏమీ కాలేదు. అర చెంచాకి వచ్చేసరికి 4లు కనబడ్డాయి. పూర్తిగా ఆపాక కొద్ది రోజులు బాగానే ఉన్నాడు, మా అమ్మ "చూశావా, అసలు అక్కర్లేదు" అని కూడా అంది. తర్వాత ఒక పొద్దున మళ్లీ తలుపు దగ్గర నిలబడి నా వైపు అదే చూపు. జిగట, ముక్కడం, వంగి నడవడం, అన్నీ వచ్చాయి. మందులేవీ ఇవ్వకుండా పొట్టు మాత్రమే మళ్లీ మొదలుపెట్టాం. వారం తిరిగేసరికి 3లోకి, తర్వాత 2లోకి వచ్చాడు. ఒక్క కుక్క మీద ఒక్కసారి చేసిన పరీక్షతో ఏదీ రుజువు కాదు. మా వాడి విషయంలో మాత్రం నా అనుమానం తీరింది.

పొట్టుతో జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఇది మందుల్ని కూడా తన జిగురులో పట్టేసుకోగలదు, అప్పుడు అవి ఒంటికి సరిగా పట్టవు. అందుకే చింటూకి ఏ మాత్ర ఇవ్వాల్సి వచ్చినా పొట్టుకీ దానికీ కనీసం రెండు గంటల ఎడం పెడతాం. మూర్ఛకో, థైరాయిడ్‌కో, గుండెకో రోజూ మందు వాడే కుక్క అయితే ఆ సమయాలు డాక్టర్‌తో కూర్చుని సరిచేసుకోవాలి. షుగర్ ఉన్న కుక్కలో పీచు వల్ల చక్కెర ఎక్కే వేగం మారుతుంది, అదీ చెప్పి చెయ్యాలి. వాంతులు అవుతున్న కుక్కకీ, ఏదైనా మింగేసిందేమో, పేగుకి అడ్డం పడిందేమో అని అనుమానమున్న కుక్కకీ, నీళ్లు తాగకుండా నీరసించి పడుకున్న కుక్కకీ పొట్టు పెట్టకూడదు. విరేచనంలో రక్తం ధారగా పోతున్నా, పిల్ల కుక్కకి విరేచనాలు మొదలైనా ఇంటి వైద్యాలు వద్దు, నేరుగా ఆసుపత్రికే.

చాలామంది గుమ్మడి గుజ్జు చాలదా అని అడుగుతారు. దాంతో ఇబ్బందేమీ లేదు, కుక్కలు ఇష్టంగా తింటాయి కూడా. కానీ గుజ్జులో ఎక్కువ భాగం నీళ్లే. పెద్ద చెంచాడు గుజ్జులో అర గ్రాము పీచు కూడా ఉండదు. ఇసబ్‌గోల్ చిన్న చెంచాడులో అంతకి ఎన్నో రెట్లుంటుంది. మా వాడికి సరిపడే పీచు గుమ్మడితోనే ఇవ్వాలంటే రోజుకి కప్పుకి పైనే పెట్టాలి. అప్పుడు అసలు తిండికి చోటెక్కడిది?

ఇంట్లో ఇప్పుడు ఇది పళ్లు తోముకోవడమంత మామూలు పని. పొద్దున నేను నానబెడతాను, సాయంత్రం మా ఆయన. అప్పుడప్పుడు ఒక చెడ్డరోజు వస్తుంది, ముఖ్యంగా ఇల్లు నిండా చుట్టాలు దిగినప్పుడు. కుక్కల పెద్దపేగుకి ఒత్తిడి అంటే అస్సలు పడదట. దానికి యాంటీబయాటిక్ దాకా వెళ్లకుండా ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటోంది. ఈ మధ్య చెకప్‌కి వెళ్తే డాక్టర్ గారు ఇంకో ఆలోచన చెప్పారు. తిండిలోనే ఇలాంటి పీచు కలిపి తయారుచేసేవి ఉన్నాయి, మెల్లగా అందులోకి మార్చి పొట్టు తగ్గించవచ్చేమో చూద్దామని. ఆ 37 కుక్కల్లో కూడా కొన్నిటికి తర్వాత పీచు డోసు తగ్గించగలిగారు. ఇప్పుడున్న తిండి సంచీ అయిపోగానే మొదలుపెట్టాలని అనుకున్నాం. నేను కొత్త పుస్తకం కొన్నాను. మా ఆయన మాత్రం, "అయితే రిఫరీని రిటైర్ చేసేస్తావా?" అంటూ దిగులు పెట్టుకున్నారు.